సరిహద్దు దాటిన చందా – 6: సంచీలో లక్ష డాలర్లు, చట్టంలో ఒక తేదీ

2018 మార్చి 1న కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య తిరుమణికి వచ్చి సోలార్ పార్కు తొలి దశను ప్రారంభించారు. దానికి శక్తి స్థళ అని పేరు పెట్టారు. తిరుమణి, వల్లూరు, బాలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే ఐదూళ్ల పరిధిలో దాదాపు 13,000 ఎకరాలు దానికింద పోయాయి. ఈ ఊళ్లున్న పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉంది. మూడు వైపులా మాత్రం ఆంధ్ర పల్లెలే. ఆఫీసు కాగితాలు కన్నడంలో ఉన్నా రచ్చబండ మీద మాట తెలుగే. శెనక్కాయ విత్తి, మబ్బుకేసి చూసి, పంట ఎండితే బెంగళూరు బస్సెక్కడం ఇక్కడ తరాలుగా సాగింది. పార్కు వచ్చాక రైతులు భూమిని అమ్ముకోలేదు, పాతికేళ్లకు పైబడిన గుత్తకు ఇచ్చారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు.

పొలం ఉన్నవాళ్ల పాస్‌బుక్కులో ఆ గుత్త డబ్బు ఒక వరుసగా పడుతుంది. ఏ తేదీన, ఎంత, ఎవరిచ్చారు అన్న మూడూ ఆ వరుసలో ఉంటాయి. పొలం లేక కూలి చేసుకునేవాళ్లకూ, బీళ్లలో గొర్రెలు మేపుకునేవాళ్లకూ ఆ వరుస లేదు. ఆ బాధ వేరే చెప్పాలి. ఈ భాగానికి కావలసింది పాస్‌బుక్కులోని ఆ మూడు వివరాలే. రాజకీయ పార్టీకి అందే చందా విషయంలో ఓటరు అడిగేదీ అవే.

తిరుమణి సభ జరిగిన పదమూడు రోజులకు, మార్చి 14న, ఢిల్లీలో లోక్‌సభ ఆ ఏటి ఫైనాన్స్ బిల్లును చర్చ లేకుండా ఆమోదించింది. అందులో ఒక చిన్న సవరణ, ఒక పాత తేదీ ఉన్నాయి. ఆ తేదీ వెనక విశాఖపట్నానికి చెందిన ఒక రిటైర్డ్ అధికారి వేసిన కేసు ఉంది. అక్కడికి వెళ్లాలంటే ముందు సిడ్నీ వెళ్లాలి.

గత భాగంలో జానీ చుంగ్ కథ చూశాం. 1996లో అమెరికా డెమొక్రటిక్ పార్టీకి డాలర్లు కుమ్మరించి, ఆ డబ్బులో కొంత చైనా సైనిక వర్గాల నుంచి వచ్చిందని తర్వాత తనే ఒప్పుకున్న కాలిఫోర్నియా వ్యాపారి ఆయన. ఈసారి కథానాయకుడు హువాంగ్ షియాంగ్మో. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో 1969లో పుట్టాడు. రియల్ ఎస్టేట్‌లో సంపాదించి, యూహూ గ్రూప్ పేరుతో ఎదిగి, 2011 ప్రాంతంలో సిడ్నీ చేరాడు. సముద్రం కనిపించే మోస్మన్ పేటలో 1.28 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల భవంతిలో కాపురం పెట్టాడు. వచ్చిన కొద్ది ఏళ్లలోనే ఆ దేశపు పెద్ద దాతల్లో ఒకడయ్యాడు.

ఆయన ఇవ్వడంలో ఒక పద్ధతి ఉంది. అధికారంలో ఉన్న లిబరల్ పార్టీకీ ఇచ్చాడు, ప్రతిపక్షంలోని లేబర్ పార్టీకీ ఇచ్చాడు. తనూ తన చుట్టూ ఉన్నవాళ్లూ కలిపి ఇచ్చింది 20 లక్షల డాలర్ల దాకా ఉంటుందని అక్కడి పత్రికలు లెక్క కట్టాయి. 2014లో సిడ్నీ టెక్నాలజీ యూనివర్సిటీలో ఆస్ట్రేలియా–చైనా సంబంధాల అధ్యయన సంస్థ పెట్టడానికి 18 లక్షల డాలర్లు ఇచ్చాడు. దాని డైరెక్టరుగా మాజీ విదేశాంగ మంత్రి బాబ్ కార్ కూర్చున్నాడు. ఇటు చైనా శాంతియుత పునరేకీకరణ కోసం పనిచేసే ఒక మండలికి హువాంగే అధ్యక్షుడు. తైవాన్ విషయంలో బీజింగ్ వైఖరిని ప్రవాస చైనీయుల్లో బలపరిచే సంస్థ అది. బీజింగ్‌లోని కమ్యూనిస్టు పార్టీలో యునైటెడ్ ఫ్రంట్ అనే విభాగం ఉంది. పార్టీ బయటి ప్రముఖులనూ ప్రవాసులనూ కూడగట్టడమే దాని పని. ఇలాంటి మండళ్లను ఆ విభాగానికి చేరువైనవిగానే పరిశీలకులు చూస్తారు.

అప్పటికి ఆస్ట్రేలియా కేంద్ర చట్టంలో విదేశీయుల చందాపై నిషేధమే లేదు. అందుచేత ఆయన ఇచ్చినదాంట్లో చాలా భాగం చట్టబద్ధమే. తప్పు చేయలేదనే ఆయన మొదటి నుంచీ చెబుతూ వచ్చాడు. 2015లోనే ఆ దేశ గూఢచార సంస్థ అధిపతి డంకన్ లూయిస్ ప్రధాన పార్టీల బాధ్యులను కలిసి ఇలాంటి దాతల గురించి హెచ్చరించాడు. అయినా చందాలు ఆగలేదు.

2016 జూన్‌లో కథ మలుపు తిరిగింది. దేశం ఎన్నికల్లో ఉంది. దక్షిణ చైనా సముద్రంలో చైనా తీరు బాగాలేదని లేబర్ పార్టీ రక్షణ ప్రతినిధి స్టీఫెన్ కాన్రాయ్ ప్రెస్ క్లబ్‌లో గట్టిగా మాట్లాడాడు. హువాంగ్ తానిస్తానన్న నాలుగు లక్షల డాలర్ల చందాను వెనక్కి తీసుకున్నాడు. ఆ వెంటనే, జూన్ 17న, అదే పార్టీ సెనెటర్ శామ్ దస్త్యారీ చైనా భాషా పత్రికల విలేకరుల ముందు హువాంగ్ పక్కనే నిలబడి, ఆ సముద్రం గొడవ చైనా సొంత వ్యవహారమన్నట్టు మాట్లాడాడు. అది పార్టీ విధానానికి నేరుగా వ్యతిరేకం.

దస్త్యారీ ఖాతాలు తవ్వితే బయటపడ్డ మొత్తాలు చూడండి. అంతకుముందు ఒక లీగల్ బిల్లు కింద 5,000 డాలర్లు హువాంగ్ కంపెనీ కట్టింది. ప్రయాణ ఖర్చు తాలూకు 1,670 డాలర్లు చైనా సంబంధాలున్న మరో విద్యాసంస్థ కట్టింది. మిగిలిన లక్షల లెక్కలన్నీ పక్కన పెట్టి ఓటర్లు పట్టుకున్నది ఈ చిల్లరనే. సెనెటర్ జీతం తీసుకునే మనిషి తన బిల్లు తను కట్టుకోలేడా అని అడిగారు. ఆ సెప్టెంబరులో ఆయన పార్టీ పదవి పోయింది. ఇంటెలిజెన్స్ వాళ్లు ఫోన్లు వింటుండవచ్చనీ, ఫోన్లు లోపల వదిలి బయటికొచ్చి మాట్లాడుకుందామనీ హువాంగ్ ఇంటికెళ్లి మరీ దస్త్యారీ చెప్పాడని 2017 నవంబరులో పత్రికలు రాశాయి. సముద్రం గురించి మాట్లాడిన పాత ఆడియో కూడా అప్పుడే బయటికొచ్చింది. పొరపాటున నోరు జారానని ఆయన చెప్పుకున్నది నిలవలేదు. డిసెంబరులో సెనెట్‌కే రాజీనామా ప్రకటించాడు.

ఇక సంచీ సంగతి. న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో 2009 నుంచి రియల్ ఎస్టేట్ డెవలపర్లు రాజకీయ చందా ఇవ్వకూడదు. భూమి అనుమతులు చేతిలో ఉన్న ప్రభుత్వానికి భూమి వ్యాపారి డబ్బివ్వడం ప్రమాదమని పెట్టిన నియమం అది. హైదరాబాదు, అమరావతి పరిసరాల్లో ఎకరం ధర ఎలా మారుతుందో చూసిన తెలుగువాళ్లకు ఆ నియమం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. 2015 మార్చి 12న లేబర్ పార్టీ సిడ్నీలో చైనీయ మద్దతుదారులకు విందు ఇచ్చింది. ప్రతిపక్ష నేత బిల్ షార్టెన్ కూర్చున్న పెద్ద బల్ల దగ్గరే హువాంగ్ కూడా కూర్చున్నాడు. ఏప్రిల్‌లో సస్సెక్స్ స్ట్రీట్‌లోని పార్టీ ఆఫీసుకు లక్ష డాలర్ల నగదు వచ్చింది. ఆల్డీ అనే సూపర్ మార్కెట్ వాళ్ల ప్లాస్టిక్ సంచీలో, ఇంటికి కూరగాయలు తెచ్చుకున్నట్టు. ఆ డబ్బును 50,000 చొప్పున రెండు ఖాతాల్లో వేశారు.

అంత నగదుకు రసీదులు కావాలి కదా. పన్నెండు మంది దాతల పేర్లు కనిపించాయి. ఒక్కొక్కరూ ఐదు వేలో పది వేలో ఇచ్చినట్టు సంతకాలు చేసిన ఫారాలు. వాళ్లలో సిడ్నీలోని ఒక రెస్టారెంటు సిబ్బంది ఉన్నారు. మన దగ్గర బినామీ అంటామే, అదే. రాష్ట్ర అవినీతి నిరోధక కమిషన్ 2019 ఆగస్టులో బహిరంగ విచారణ మొదలుపెట్టింది. ఆల్డీ సంచీ మాట దేశమంతా మోగింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన నివేదిక ఆ పన్నెండు పేర్లూ ముసుగేనని, అసలు డబ్బు హువాంగ్‌దేనని తేల్చింది. అప్పటికి ఆయన ఆ దేశంలో లేడు. పౌరసత్వం నిరాకరించి, శాశ్వత నివాస హక్కు కూడా రద్దు చేసిన సంగతి 2019 ఫిబ్రవరిలో బయటపడేనాటికే విదేశంలో ఉన్నాడు. తన చందాలు వెనక్కిస్తే ధర్మకార్యాలకు ఇస్తానని పార్టీలకు కబురంపాడు. అదే ఏడు పన్ను శాఖ 14 కోట్ల డాలర్ల బకాయి ఉందంటూ కోర్టుకెక్కి ఆయన ఆస్తుల్ని స్తంభింపజేయించింది.

ఆస్ట్రేలియా ఒక పని చేసింది. 2018 జూన్‌లో విదేశీ జోక్యంపై చట్టాలు తెచ్చింది. ఆ నవంబరులో ఎన్నికల చట్టాన్ని సవరించి, 2019 జనవరి 1 నుంచి విదేశీ చందాల్ని నిషేధించింది. తలుపు ఆలస్యంగా వేసింది, కానీ వేసింది. ఈ గొడవలో సిడ్నీ, మెల్‌బోర్న్‌లలోని మామూలు చైనీయ కుటుంబాలు ఎంతో నలిగాయి. తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లను కూడా ఎవరి మనిషివని అనుమానంగా చూశారు. డబ్బున్న ఒకడి వ్యవహారానికి ఒక జాతినంతా నిలదీయడం అన్యాయం.

మన పిల్లలు పరాయి దేశాల్లో ఉన్నారు కాబట్టి ఇది మనకూ తగిలే మాటే. అమెరికాలో గ్రీన్‌కార్డు ఉంటే అభ్యర్థికి చందా ఇవ్వవచ్చు. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు. చైనా కోటీశ్వరుడు వాంగ్ వెన్‌లియాంగ్ సంగతి ఇక్కడే అర్థమవుతుంది. ఆయన వర్జీనియా గవర్నర్ మెకాలిఫ్ ప్రచారానికి 1,20,000 డాలర్లిచ్చాడు. ఆయన కంపెనీ క్లింటన్ ఫౌండేషన్‌కు 20 లక్షల డాలర్లు ప్రకటించింది. గ్రీన్‌కార్డు ఉంది కనుక ప్రచార చందా చెల్లింది. అదే మనిషి చైనా పార్లమెంటులోనూ సభ్యుడు. 2016లో లియావోనింగ్ రాష్ట్రంలో ఓట్ల కొనుగోలు కుంభకోణంలో పదవి పోయిన 45 మందిలో ఒకడు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

భారతదేశంలో పార్టీలకు విదేశీ డబ్బు నిషేధం ఆస్ట్రేలియా కంటే నలభై ఏళ్లు పాతది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వచ్చింది. సీఐఏ డబ్బు, మాస్కో డబ్బు అన్న మాటలు పార్లమెంటులో మార్మోగిన కాలం అది. రెండేళ్లకు, అంతకుముందు ఢిల్లీలో అమెరికా రాయబారిగా పనిచేసిన మొయినిహన్ తన పుస్తకంలో, కమ్యూనిస్టులను ఓడించడానికి తమ దేశం రెండుసార్లు కాంగ్రెస్‌కు డబ్బిచ్చిందని రాశాడు. భయం ఊరికే పుట్టలేదన్నమాట. విదేశంలో ఉన్న కంపెనీయే కాదు, ఇక్కడ రిజిస్టరైనా వాటాల్లో సగానికి మించి పరాయివాళ్ల చేతిలో ఉంటే అదీ విదేశీ మూలమేనని ఆ చట్టం చెప్పింది. 2010లో దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టమూ ఇదే నిర్వచనాన్ని ఉంచింది.

తిరుమణి చేలతోనే చెప్పుకుందాం. ఆ పార్కులో కరెంటు తీసే కంపెనీల్లో టాటా ఉంది, ఫిన్లండ్ దేశపు ఫోర్టమ్ కూడా వచ్చింది. పలకలు పొలంలోనే ఉండొచ్చు, ఆఫీసు మన దేశంలోనే ఉండొచ్చు, వాటాలు మాత్రం హెల్సింకీలో ఉంటే పాత నిర్వచనం ప్రకారం ఆ కంపెనీ పార్టీలకు పైసా ఇవ్వకూడదు. ఆ కంపెనీలు ఏ పార్టీకైనా ఇచ్చాయని ఇక్కడ చెప్పడం లేదు. గీత ఎక్కడ గీశారో కనబడడానికే ఈ ఉదాహరణ.

ఆ గీతను గుర్తుచేసిన మనిషి ఈ.ఏ.ఎస్. శర్మ. 1965 బ్యాచ్ ఐఏఎస్. కేంద్రంలో విద్యుత్ శాఖకూ, ఆర్థిక వ్యవహారాల శాఖకూ కార్యదర్శిగా పనిచేసి, 2000లో స్వచ్ఛందంగా పదవి వదులుకుని విశాఖపట్నం చేరాడు. ఉత్తరాంధ్రలో థర్మల్ ప్లాంట్లకు, బాక్సైట్ తవ్వకాలకు ఎదురు నిలిచిన జనం పక్షాన ఆయన రాసిన ఉత్తరాలు పత్రికలు చదివేవాళ్లకు కొత్త కాదు. ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థతో కలిసి ఆయన ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశాడు. లండన్‌లో లిస్టయిన వేదాంత రిసోర్సెస్ కింద ఉన్న స్టెరిలైట్, సెసా కంపెనీల నుంచి కాంగ్రెస్, బీజేపీ రెండూ చందాలు తీసుకున్నాయన్నది అందులోని సారం.

పార్టీల వాదన వినదగ్గది. వేదాంతలో పెద్ద వాటా ఉన్న అనిల్ అగర్వాల్ భారత పౌరుడు కాబట్టి ఆ డబ్బు పరాయిది కాదన్నాయి. జస్టిస్ ప్రదీప్ నంద్రాజోగ్, జస్టిస్ జయంత్ నాథ్ ఒప్పుకోలేదు. ఇంగ్లండులో రిజిస్టరైన కంపెనీ విదేశీ కంపెనీయే, దాని కింద ఉన్నవీ ఆ లెక్కలోకే వస్తాయన్నారు. 2014 మార్చి 28న, లోక్‌సభ ఎన్నికలు ముంగిట్లో ఉండగా, రెండు పార్టీలూ చట్టాన్ని ఉల్లంఘించాయని తీర్పు చెప్పి, ఆరు నెలల్లో చర్య తీసుకోవాలని కేంద్రాన్నీ ఎన్నికల సంఘాన్నీ ఆదేశించారు. ప్రతి విషయంలో కొట్టుకునే ఆ రెండు పార్టీలూ ఈ విషయంలో ఒక్క దారే పట్టి సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

ఆ తర్వాత జరిగినది చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. 2016 ఫైనాన్స్ చట్టంలో నిర్వచనాన్నే మార్చారు. ఆ రంగంలో అనుమతించిన విదేశీ పెట్టుబడి పరిమితిలోపు ఉంటే, సగానికి మించి వాటా బయటివాళ్లదైనా ఆ కంపెనీ విదేశీ మూలం కాదన్నారు. గనుల్లోనూ, సోలార్‌లోనూ ఆ పరిమితి నూటికి నూరు. దాన్ని 2010 సెప్టెంబరు 26 నుంచే వర్తింపజేశారు. నవంబరులో పార్టీలు సుప్రీంకోర్టులో అప్పీళ్లు వెనక్కి తీసుకున్నాయి. కానీ కోర్టు తప్పుపట్టిన చందాలు అంతకంటే పాతవి, 1976 చట్టం కిందివి. తీర్పు అమలు చేయలేదని పిటిషనర్లు మళ్లీ హైకోర్టుకెళ్లారు. 2017 అక్టోబరులో హైకోర్టు ఇంకో ఆరు నెలలు గడువిచ్చింది.

ఆ గడువులోనే 2018 మార్చి 14 వచ్చింది. ఫైనాన్స్ బిల్లులో 2010 సెప్టెంబరు 26 అని ఉన్నచోట 1976 ఆగస్టు 5 అని మార్చారు. నలభై రెండేళ్ల వెనక్కి! అంటే నేరమని హైకోర్టు చెప్పినది, జరిగిన రోజునే నేరం కాకుండా పోయింది.

ఆ రోజు సభలో గొడవ ఎవరిదో తెలుగువాళ్లు గుర్తుంచుకోవాలి. ప్రత్యేక హోదా కోసం తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు ప్లకార్డులతో ఉన్నారు. రిజర్వేషన్ల కోసం తెరాస సభ్యులు, కావేరీ కోసం అన్నాడీఎంకే సభ్యులు నినాదాలిస్తున్నారు. వారం కిందటే తెలుగుదేశం మంత్రులు కేంద్రం నుంచి తప్పుకున్నారు. మరో రెండు రోజుల్లో ఆ పార్టీ ఎన్డీయే నుంచే బయటికొస్తుంది. హోదా కోరిక న్యాయమైనదే. అయినా ఆ హోరులో, చర్చ లేకుండా, విశాఖ మనిషి ఏళ్ల తరబడి నడిపిన కేసు కాళ్లకింద నేల కదిలిపోయింది. దాని మీద ఓ అరగంట చర్చ జరిగి ఉండాల్సింది.

అదే విదేశీ విరాళాల చట్టం ఇంకో చేత్తో ఏం చేస్తుందో చూడాలంటే పావగడ నుంచి అనంతపురం వైపు వెళ్లాలి. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ పెట్టిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ స్పెయిన్ దాతల డబ్బుతో ఇళ్లు కట్టింది, బళ్లు నడిపింది, బత్తలపల్లిలో ఆసుపత్రి నిలబెట్టింది. 2020లో చట్టాన్ని స్వచ్ఛంద సంస్థలకు మరింత బిగించారు. విదేశీ విరాళం ఎక్కడికైనా సరే, ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ఒకే ఒక్క శాఖకు రావాలి. పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. 2025లో ఆర్డీటీకి అనుమతి రెన్యూవల్ ఆగినప్పుడు అనంతపురం జిల్లా జనం రోడ్ల మీదికొచ్చారు. కాన్పుకు ఆ ఆసుపత్రికి వెళ్లిన తల్లులకు ఆ డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందో, దేనికి ఖర్చయిందో తెలుసు. పార్టీ ఖాతాలో పడిన డబ్బు గురించి అంత మాత్రం కూడా ఓటరుకు తెలియదు.

2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత చైనా డబ్బు మాట మన రాజకీయాల్లోనూ గట్టిగా వినిపించింది. రాజీవ్‌గాంధీ ఫౌండేషన్‌కు చైనా రాయబార కార్యాలయం విరాళమిచ్చిందని బీజేపీ అంది. పీఎం కేర్స్‌కు షావోమీ, హువావే, టిక్‌టాక్ ఇచ్చాయని కాంగ్రెస్ అంది. 2022 అక్టోబరులో ఆ ఫౌండేషన్ అనుమతిని కేంద్రం రద్దు చేసింది. ఒకరినొకరు అంతగా నిలదీసుకున్న ఆ రోజుల్లో 1976 ఆగస్టు 5 అన్న తేదీని మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎలక్టోరల్ బాండ్ల పథకాన్ని కొట్టేసింది. ఆ తర్వాతే మన హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొన్నదన్నలాంటి వివరాలు జనానికి తెలిశాయి. విదేశీ విరాళాల సవరణ మాత్రం ఆ తీర్పులో లేదు. దాన్ని విడిగా వింటామని కోర్టు 2023లోనే వేరు చేసి పెట్టింది.

(వచ్చే భాగం: డార్విన్ ఓడరేవు. 2015లో ఒక చైనా కంపెనీ దాన్ని 50.6 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు గుత్తకు తీసుకుంది. గడువు 99 ఏళ్లు.)